తెల్లబడిన పద్దెనిమిది మంది

హిందూపురంలో ఏ గోడమీద ఏ ముఖం చూసినా అది కుళ్లాయప్ప చేతి మీదుగా పోయిందే. పుట్టినరోజు ముఖం, పెళ్ళి ముఖం, ఎన్నికల ముఖం, ఆఖరికి చచ్చిపోయినవాళ్ళ ముఖం. పవన్ కుమార్ ఫ్లెక్సు అంగట్లో కంప్యూటరు ముందు కూర్చుని పదకొండేళ్ళుగా అతను చేస్తున్న పని ఒక్కటే. మనుషుల్ని తెల్లగా చేయడం.

అంగటికొచ్చేవాళ్ళెవరూ తెల్లగా చేయమని నోరు తెరిచి అడగరు. "కొంచెం బ్రైట్ చేయప్పా" అంటారు, "కొంచెం నీట్‌గా" అంటారు. ఫ్లెక్సు మీద నాయకుడి ముఖం పైన పెద్దగా ఉంటుంది, ఆయన వెనకాల తిరిగేవాళ్ళ ముఖాలు కింద గుండ్రాల్లో బఠాణీ గింజలంత ఉంటాయి కదా, ఆ గింజంత ముఖంవాడు కూడా వచ్చి భుజం మీదుగా తొంగిచూసి, "అన్నా, నన్నేంటికి కర్రెగా పెట్టినావు? పక్కనోణ్ణి చూడు, ఎట్లా మెరుస్తాండాడో" అని గొడవకొస్తాడు. ఏం చేసేది! వీళ్ళందరి నోళ్ళు మూయించడానికి కుళ్లాయప్ప ఒక ఉపాయం కనిపెట్టాడు. ముఖాన్ని తెల్లబరచడానికి చేయాల్సిన పది పనుల్నీ ఒకే మీటలో కట్టిపెట్టాడు. కీబోర్డు పైవరసలో ఎఫ్ టూ. ఫోటో తెరవడం, ఎడమచేతి వేలితో ఎఫ్ టూ కొట్టడం, సేవ్ చేయడం. ఎంతటి నల్లటివాడైనా రెండు క్షణాల్లో గోధుమపిండి రంగుకొచ్చేస్తాడు.

పవన్ కుమార్‌కు ఆ మీటంటే ప్రాణం. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. "మా వోడు ఎఫ్ టూ కొడితే అమావాస్య గూడా పున్నమి కావల్లప్పా!" అంటాడు. కొట్టీ కొట్టీ ఆ మీట మీది అక్షరం ఎప్పుడో అరిగిపోయింది.

ఇంతకూ ఈ పనిచేసే కుళ్లాయప్ప ఏ రంగువాడని అడిగితే, నిగనిగలాడే నలుపు. బళ్ళో కన్నడం పిల్లలు కరియా అంటే తెలుగు పిల్లలు కర్రోడా అనేవాళ్ళు. పదో తరగతి గుంపు ఫోటో తీసే రోజు ఒక అయ్యవారు వెనక వరసలో నిలబెట్టి, "పండ్లు కనపడేట్ల నవ్వురా, లేకుంటే నువ్వుండావో లేదో తెల్దు" అన్నాడు. తరగతంతా నవ్వింది. కుళ్లాయప్పా నవ్వాడు. నవ్వకుండా ఏం చేస్తాడు, పళ్ళు కనిపించాలి కదా.

ఆ నలుపు తండ్రిది. తండ్రి లింగప్ప సోమందేపల్లికి నాలుగు మైళ్ళ అవతల ఒక మెట్ట ఊళ్ళో గొర్రెలు మేపుతాడు. పొద్దున్నే మందను తోలుకుని గుట్టెక్కితే పొద్దుగూకే వేళకు దిగుతాడు. అరవై ఏళ్ళ ఎండ ఆ మనిషి ఒంటిమీదే ఉంది.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం లింగప్ప అంగటికి వచ్చాడు. ఆ పొద్దు లోపల ఒక పార్టీవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, సెంటు వాసన. గాజు తలుపు తోసుకుని ఈయన అడుగుపెట్టాడు. భుజాన కంబళి, చేతిలో అనపకాయల సంచి, కాళ్ళకు దొడ్డి మన్ను. పవన్ కుమార్ తలెత్తి, "ఎవురప్పా ఆయన?" అన్నాడు.

కుళ్లాయప్ప తెరమీది నుంచి కళ్ళు తిప్పకుండా, "మా ఊరాయన" అన్నాడు.

ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి జారిపోయింది. లింగప్ప విన్నాడు. గడప దగ్గరే ఆగి, సంచి మెల్లగా కింద పెట్టి, "ఇవి లింగప్ప పంపించినాడప్పా, వాళ్ళ కుళ్లాయప్పకు ఇయ్యమని" అని చెప్పి, తలుపు చప్పుడు కాకుండా లాగి వెళ్ళిపోయాడు. కొడుకు ఆడిన అబద్ధాన్ని కొడుకు కోసం తనే నిలబెట్టిపోయాడు, చూడండి!

ఆ తర్వాత ఆయన హిందూపురంలో కాలు పెట్టలేదు. కుళ్లాయప్ప ఊరికి పోతే రాగిముద్ద పెడతాడు, వానల సంగతి చెబుతాడు, ఏ గొర్రె ఈనిందో చెబుతాడు. ఆ సంచి సంగతి మాత్రం ఎత్తడు. ఎత్తి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, కాళ్ళమీద పడడానికి ఒక సందు దొరికేది. తిట్టని తండ్రి ముందు కుళ్లాయప్పకు ఎటు తిరిగినా గోడే తగిలేది. మరుసటేడు తల్లి ఉలిగమ్మ కన్నుమూసింది. కన్నీటి నివాళి ఫ్లెక్సు కుళ్లాయప్పే చేశాడు, ఇంట్లో పెట్టుకోవడానికి ఫ్రేమూ తనే కట్టించాడు. అప్పుడు కూడా తండ్రి ఏమీ అనలేదు.

అట్లాంటి కుళ్లాయప్ప దగ్గరికి ఈ చలికాలం చివర్లో ఏసుదాసు సార్ ఒక పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చాడు. పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు ఆయన. ఆయనదీ మంచి నలుపే. స్టూలు లాక్కుని కూర్చుని ఫోన్ తీసి చూపించాడు.

"అమెరికాలో ఒక ఊరు కుళ్లాయప్పా. ఆడ నల్లజాతి మగోళ్ళంతా చేరి, వాళ్ళ ఫోటోలూ బొమ్మలూ వాళ్ళ పేటలోని హాల్లో వాళ్ళే పెట్టుకున్నారు. ఈయన బస్సు డ్రైవరు. ఈయన మంగలి. ఈయన చూడు, బిడ్డను భుజానేసుకోని నిద్రపుచ్చుతాండాడు. టీవీలో వాళ్ళను ఎప్పుడు చూపించినా దొంగలనే చూపిస్తారంట. మేమెవరిమో మేమే చెప్తామని ఇట్లా చేసినారు. చూస్తాంటే నాకు మన ధర్మవరం రంగులద్దే ఆంజనప్పే గుర్తొచ్చె. మన సినిమాల్లో రౌడీ ఏ రంగుంటాడు చెప్పు?"

"కర్రెగా" అన్నాడు కుళ్లాయప్ప.

"ఆఁ. తాగి పడిపోయేటోడు, తన్నులు తినేటోడు, అంతా మనమే. ఆడపిల్లను నలుపంటే ఏడుస్తాది, ఇంట్లోవాళ్ళు ఓదారుస్తారు. మగోణ్ణి అంటే వాడు నవ్వల్ల. నవ్వీ నవ్వీ మన పండ్లు అరిగిపోయె."

మాస్టరు ఆర్నెల్లు తిరిగి పద్దెనిమిది మంది నల్లటి మగవాళ్ళ ఫోటోలు తీశాడు. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఆంజనప్ప, సోమందేపల్లి హైవే పక్కన పంచర్లేసే ఆయన, కార్ల కంపెనీ బస్సు తోలే ఆయన, గోరంట్ల సంతలో మిరపకాయలమ్మే ఆయన. ప్రదర్శన పేరు ‘నల్లోళ్ళం’. ముందు పెనుకొండలో, తర్వాత ధర్మవరంలో, ఆఖరున హిందూపురంలో. ప్రతి ఒక్కరినీ ఆయన ఒకటే అడిగాడట, నువ్వెవరు అని. వాళ్ళు చెప్పిన జవాబు ఫోటో కింద అచ్చెయ్యాలి. ఆంజనప్ప జవాబు: ‘ముప్పై ఏండ్లుగా పట్టుకు రంగులేస్తాండా. అన్నిట్లోకీ కర్రె రంగు సరిగ్గా పట్టించేదే కష్టం.’ పంచర్లాయన జవాబు: ‘లారీ కింద పండుకోని పనిచేస్తా. పైకి లేచినాక గూడా జనం నన్ను నూనె మరకే అనుకుంటారు.’

అవన్నీ టైపు చేస్తూ చేస్తూ కుళ్లాయప్ప చివరి కాగితం దగ్గర ఆగిపోయాడు. ‘నా పేరు లింగప్ప. హిందూపురంలో ఫోటోలు చేసే కుళ్లాయప్ప వాళ్ళ నాయన్ని.’

అంతే ఉంది. గొర్రెల మాట లేదు, గుట్ట మాట లేదు. కుళ్లాయప్ప లేచి బయటికి పోయి టీ బంకు దగ్గర నిలబడ్డాడు. టీ చెప్పడం మర్చిపోయాడు. తనను ఊరాయన అన్న కొడుకును, ఎవరో ముక్కూముఖం తెలియని మాస్టరు నువ్వెవరని అడిగితే, ఆయన తన పేరు పక్కనే పెట్టుకుని చెప్పుకున్నాడు. లోపలికొచ్చి మాస్టరుతో ఒకటే మాటన్నాడు. "సార్, బోర్డులు నేనే తెచ్చి నేనే తగిలిస్తా. ఆదివారం నేను గూడా ఆడ ఉంటా."

అతనికి కావలసింది ఇంతే. ఆ ఫోటోను ఉన్నది ఉన్నట్లు, మనిషంత పెద్దదిగా అచ్చేసి, నలుగురి ముందూ దాని పక్కన నిలబడి, ఎవరైనా ఎవరీయన అని అడిగితే "మా నాయన" అనాలి. ఒక్క మాటకు మూడేళ్ళుగా బిగుసుకుపోయిన గొంతు ఒక్క మాటతోనే వదలాలి.

"ఒకటి మాత్రం" అన్నాడు మాస్టరు పోతూ పోతూ. "ముఖాల్ని ముట్టుకోవద్దప్పా. ఎట్లుండాయో అట్లే."

"ఒట్టు సార్, ముట్టుకోను."

శనివారం మిగతా పనులన్నీ పక్కన పెట్టి కూర్చున్నాడు. ఒక్కొక్క ఫోటో తెరిచాడు, కొలత సరిచేశాడు, కళ్ళు స్పష్టంగా ఉన్నాయా అని దగ్గరికి లాగి చూశాడు, కింద అక్షరాలు పేర్చాడు, సేవ్ చేశాడు. ఇంత శ్రద్ధగా అతను ఏ మంత్రిగారి ఫ్లెక్సూ చేసి ఎరగడు. తండ్రిది ఆఖరున చేశాడు. కంబళి పోగులు కూడా లెక్కపెట్టేట్లు వచ్చాయి. పవన్ కుమార్ వెనక నిలబడి చూసి, "భలే వచ్చినాయప్పా!" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం పొద్దున్నే పద్దెనిమిది బోర్డులూ న్యూస్ పేపర్లలో చుట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని పెనుకొండ చేరాడు. కొండ కింద పాత కమ్యూనిటీ హాలు. వాచ్‌మన్ హనుమంతప్ప తాళం తీసి, ఫ్యాన్లు వేసి, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. మాస్టరు చర్చి ముగించుకుని పది దాటాక వస్తానన్నాడు. కుళ్లాయప్ప ఒక్కడే నిచ్చెన ఎక్కుతూ దిగుతూ అన్నీ తగిలించాడు. తండ్రిది సరిగ్గా వాకిలికి ఎదురుగా పెట్టాడు. చేతిగుడ్డతో తుడిచాడు. హాలు నడిమధ్య నిలబడి చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క తప్పు కూడా కనిపించలేదు. రొమ్ము నిండా గాలి పీల్చుకున్నాడు. ఎన్నాళ్ళయిందో అట్లా పీల్చి!

పదింబావుకు ఫోటోల్లోని మనుషులు రావడం మొదలైంది. ఇస్త్రీ చొక్కాలు, తలకు నూనె, ఒకాయన మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్లే గోడల వెంట నడవసాగారు. ఒకసారి తిరిగారు. మళ్ళీ తిరిగారు. ఎవరూ ఎక్కడా ఆగడం లేదు. సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాడు కుళ్లాయప్ప. అంతలో ఆంజనప్ప ఒక బోర్డు ముందు నిలబడి, మెడ వంచి చూసి, పక్కాయనను పిలిచాడు.

"ఏమబ్బా, ఇట్రా. ఎవురిది ఇది? నా చొక్కా ఏసుకోనుండాడే!"

కుళ్లాయప్ప నవ్వబోయి ఆంజనప్ప వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. మళ్ళీ ఆంజనప్పను చూశాడు. బోర్డు మీద మనిషి గోధుమపిండి రంగులో ఉన్నాడు. దాని పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. పద్దెనిమిది మందీ ఒక్క తల్లి బిడ్డల్లాగా, పెళ్ళి ఫ్లెక్సులోంచి దిగొచ్చినవాళ్ళలాగా, తెల్లగా, నున్నగా గోడలమీద వరసగా నవ్వుతున్నారు.

మాస్టరు చేతిలో బైబిలుతో అప్పుడే వాకిట్లోకి వచ్చి, అక్కడే కొయ్యబారిపోయాడు. "ఏం చేసినావు కుళ్లాయప్పా?"

"నేనేమీ చేయలేదు సార్. ఒట్టు. ముఖాలు ముట్టుకోనే లేదు" అంటూనే కుళ్లాయప్ప తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. ఆ చూపుడువేలు. ఫోటో తెరుచుకోగానే అదే పోయి కొట్టి ఉంటుంది. పదకొండేళ్ళుగా కొడుతున్నట్లే, అన్నం ముద్ద నోటికి పోయినట్లే పోయి ఉంటుంది. పోనీ, వేలికి తెలివి లేదనుకుందాం. కళ్ళకేమైంది? తెరమీద చూశాయి, అచ్చయ్యాక చూశాయి, పొద్దున ఈ హాల్లో నడిమధ్య నిలబడి చూశాయి. ఎక్కడా తప్పనిపించలేదు. మనిషంటే అట్లాగే ఉంటాడని ఆ కళ్ళు ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. అసలు ముఖాలు ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప తేడా తెలియలేదు. థూ, ఏం బతుకు అనిపించింది.

"పదకొండుకు ముఖ్య అతిథి వస్తాడు" అన్నాడు మాస్టరు, పళ్ళు బిగబట్టి. "ఇప్పుడేం చేయల్ల? చెప్పు, ఏం చేయల్ల?"

అప్పుడు కనిపించాడు లింగప్ప. ఎప్పుడొచ్చాడో, చేతులు వెనక కట్టుకుని రెండు చుట్లు తిరిగి, చివరి వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. భుజాన కంబళి మడత, చేతిలో కట్టె. గోడమీద తెల్లటి వాళ్ళ మధ్య ఆ మనిషి ముఖం ఒక్కటే మనిషి ముఖంలాగా ఉంది.

"నాయనా" అని దగ్గరికి పోయాడు కుళ్లాయప్ప.

"కూచోప్పా." పక్క కుర్చీ జరిపాడు. కొంచెంసేపు కట్టె కొసతో నేల గీకి, "నాది పెట్టినట్ల ల్యా" అన్నాడు. "పోనీలే. పెద్దోళ్ళంతా వస్తాండారు. నీకేం ఇబ్బందో ఏమో."

కొడుకే తన ఫోటో తీసేయించాడనుకుంటున్నాడు! మూడేళ్ళ కిందట గడప దగ్గర సంచి పెట్టి పోయినట్లే, ఇప్పుడు కూడా కొడుకు తరఫున తనే సర్దిచెప్పుకుంటున్నాడు. ఏం చెప్పాలి? లేదు నాయనా, పెట్టలేదు అంటే ఇంకో అబద్ధం నెత్తిన పడుతుంది. అదిగో అది నువ్వే అంటే అంతకన్నా అన్యాయం. రెండు వైపులా మూసుకుపోయింది. పారిపోదామంటే వాకిలికి ఎదురుగా ఉన్నది ఆ ఫోటోనే.

తండ్రి చేయి పట్టుకుని లేపి, తీసుకుపోయి దాని ముందు నిలబెట్టాడు. "ఇది నాయనా."

లింగప్ప చూశాడు. "కంబళి నాదే" అన్నాడు. "కట్టె గూడా నాదే." ఇంకా దగ్గరికి జరిగాడు. "ఈయప్ప ఎవురు?"

"నువ్వే నాయనా."

ముసలాయన కొడుకు ముఖం వైపు చూశాడు, తమాషా చేస్తున్నాడేమోనని. "కింద ఏం రాసిండాది?"

కుళ్లాయప్ప చదివాడు. "నా పేరు లింగప్ప. హిందూపురంలో ఫోటోలు చేసే కుళ్లాయప్ప వాళ్ళ నాయన్ని."

"ఆఁ, అట్లే చెప్పినా నేను" అన్నాడు లింగప్ప తృప్తిగా. "మాటైతే సరిగ్గానే రాసినావు." నల్లటి చేతిని ఎత్తి ఆ తెల్లటి బుగ్గమీద పెట్టి చూశాడు. దుమ్మేమైనా ఉంటే తుడిచినట్లు బొటనవేలితో రుద్దాడు. రంగు పోలేదు.

"కావాలని చేయల్య నాయనా. నీమీద ఒట్టు. చెయ్యి దాని పాటికది..."

"తెలుసులేప్పా. మీయమ్మను గూడా ఇట్లే చేస్తివి కదా." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఖర్మ. "ఆ ఫోటోకు పూలు పెట్టేటప్పుడు నేను కండ్లు మూసుకుంటా. మూసుకుంటే వస్తాది మీయమ్మ. తెరిస్తే ఎవురో ఉంటారు ఆడ."

బయట కారు హారను మోగింది. ముఖ్య అతిథి వచ్చేశాడు, ఎవరో పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. దండ పడింది, శాలువా పడింది, మైకు అందింది. ఆయన చేయి చాపి గోడల్ని చూపిస్తూ అరగంట మాట్లాడాడు. "నలుపులో ఎంత అందం ఉందో చూడండి! ఈ నల్లని ముఖాల్లో ఎంత కళ ఉందో చూడండి! మన మట్టి రంగు ఇది!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎదురుగా గోధుమపిండి ముఖాలు పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరికి అనుమానం రాలేదు. పట్నం నుంచి వచ్చినవాళ్ళంతా వాటి ముందు నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళ ఫోన్లు ఇంకొంచెం తెలుపు కలిపే ఉంటాయి. నల్లోళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పళ్ళు కనిపించేట్లు నవ్వారు. మిరపకాయలాయన మాస్టరు చెవిలో, "సార్, నాకిది ఇప్పిస్తారా? ఇంట్లో పెట్టుకుంటా. ఇట్లే ఉండనీండి, మా ఇంటామె మురిసిపోతాది" అన్నాడు. మాస్టరు తల పట్టుకున్నాడు.

అంతా అయ్యాక కుళ్లాయప్ప వెనక్కి తిరిగి చూస్తే చివరి వరస కుర్చీ ఖాళీగా ఉంది. గొర్రెల్ని మధ్యాహ్నం దాకే ఒకరికి అప్పజెప్పి వచ్చాడట, హనుమంతప్ప చెప్పాడు. ఎవరూ వచ్చి ఎవరీయన అని అడగలేదు. కుళ్లాయప్ప ఆ మాట అననే లేదు.

"బుధవారం ధర్మవరం" అన్నాడు మాస్టరు. "పద్దెనిమిదీ మళ్ళీ చేయల్ల. అసలు ఫోటోలు నా కెమెరా కార్డులో ఉండాయి కాబట్టి బతికిపోయినావు."

సోమవారం అంగడి తెరవగానే కుళ్లాయప్ప స్క్రూడ్రైవరు తీసుకుని ఎఫ్ టూ మీటను పెకలించి చెత్తబుట్టలో వేశాడు. పవన్ కుమార్ లబలబలాడాడు. "ఏమైంది నీకు? అది నా అంగడి ప్రాణం కదప్పా!" కుళ్లాయప్ప మాస్టరు కార్డులోంచి పద్దెనిమిది ఫోటోలూ ఎక్కించుకుని మళ్ళీ తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ ఎడమచేతి వేలు పోయి ఆ బొక్కలో పడింది. మీట లేదు గనక సరిపోయింది. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఉన్నది ఉన్నట్లున్న ముఖాలు చూస్తుంటే అతని కళ్ళకు ఏదో తప్పున్నట్లే ఉంది. ఎక్కడో వెలుతురు చాలనట్లు, ఏదో చేయాల్సింది మిగిలిపోయినట్లు వేలు గింజుకుంటోంది. తండ్రి ఫోటో దగ్గర రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తిమ్మిరెక్కేదాకా, అది తండ్రి ముఖంలాగా కనిపించేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత తల్లి ఫైలు తెరిచాడు.

తెల్లటి ఉలిగమ్మ. అసలుది కావాలని వెతికితే లేదు. ఆ రోజు దుఃఖంలో దానిమీదే సేవ్ చేసేశాడు. జాతరలో ఆ ఫోటో తీసిన చుట్టపాయన ఫోను ఎప్పుడో పోయింది. తల్లికి ఇంకో ఫోటో లేదు, ఆధార్ కార్డులో మసిమరక తప్ప. సరే, తెలుపు తగ్గిద్దామని చూశాడు. బూడిదలాగా వచ్చింది. ఎరుపు కలిపాడు, ఇటుకలాగా వచ్చింది. తల్లి ఎంత నలుపు? తండ్రంతనా, ఒక పిసరు తక్కువా? చెవుల దగ్గర ఎట్లా ఉండేది? పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఎట్లా ఉండేది? పదకొండేళ్ళు రంగులతో బతికినవాడికి కన్నతల్లి రంగు గుర్తు రావడం లేదు. అది ఇప్పుడు భూమ్మీద ఒకేచోట ఉంది, ఒక గొర్రెలాయన మూసుకున్న కళ్ళలో.

తండ్రికి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు.

"నాయనా, నువ్వొకసారి అంగటికి రావల్ల" అన్నాడు కుళ్లాయప్ప. "అమ్మ ఫోటో సరిచేస్తాండా. ఎంత కర్రెగా ఉన్నిందో నాకు తెలీల్యా. నువ్వు పక్కన కూచోని చెప్తే నేను చేస్తా."

అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది. తర్వాత లింగప్ప, తిట్టకుండానే, గొర్రె ధర అడిగినంత మామూలుగా అడిగాడు.

"వస్తే ఆడ ఎవురన్నా అడిగితే, నన్ను ఎవురని చెప్తావప్పా?"

అంగడి నిండా జనం ఉన్నారు. వెనక సోఫాలో పుట్టినరోజు ఫ్లెక్సువాళ్ళు నలుగురు, కౌంటరు దగ్గర పవన్ కుమార్. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా కుళ్లాయప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మా నాయన అని చెప్తా" అన్నాడు. చాలా గట్టిగా వచ్చింది. సోఫాలోవాళ్ళు మాట్లాడుకోవడం ఆపి తిరిగి చూశారు. పవన్ కుమార్ కళ్ళజోడు సర్దుకుని, తెరమీద తెరిచి ఉన్న రెండో కిటికీలో కంబళి కప్పుకున్న నల్లటి మనిషిని చూసి, ఏదో గుర్తొచ్చినట్లు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. "ఈయనే. మా నాయన" అన్నాడు కుళ్లాయప్ప అతనితో కూడా.

ఫోన్‌లో లింగప్ప ఏదో గొర్రెను అదిలించాడు. తర్వాత అన్నాడు.

"సరే. గొర్లు ఎవురికన్నా అప్పజెప్పి, రేపు తొమ్మిదింటి బస్సుకొస్తా. అనపకాయలు కాస్తాండాయి, తెస్తాలే."